ఈలా మాస్టారిదే... జట్టూ మాస్టారిదే!

పెనాల్టీ ఏరియాలో కుర్రాడు పడ్డాడు. వెనక నుంచి తోశారో, వాడే జారాడో ఎవరికీ సరిగ్గా కనపడలేదు. పొద్దున్నే వాన కురిసి వెలిసిన బంకమట్టి గ్రౌండు. సున్నంతో గీసిన గీతల్లో సగం అప్పటికే చెరిగిపోయాయి. ఒక పక్క నుంచి “పెనాల్టీ అండీ, పెనాల్టీ!” అని అరుపులు. రెండో పక్క నుంచి “నాటకం అండి బాబూ, వాణ్నెవడూ ముట్టుకోలేదు” అని కేకలు. విజిల్ నోట్లో పెట్టుకున్న మాస్టారు ఇటు చూశారు, అటు చూశారు. పడిన కుర్రాడు ఆయన స్కూలు వాడే. వాడికి ఆట నేర్పింది ఆయనే, ఎంట్రీ ఫారం నింపింది ఆయనే, తెల్లారగట్ల ఆటో మాట్లాడి ఇంతదూరం తీసుకొచ్చిందీ ఆయనే. ఇప్పుడు పెనాల్టీ ఇస్తే సొంత జట్టుకి ఇచ్చుకున్నాడంటారు. ఇవ్వకపోతే తన పిల్లలే తిరుగు ప్రయాణంలో మొహం చూడరు.

ఇది ఫలానా ఊరు, ఫలానా తేదీ అని చెప్పక్కర్లేదు. కాకినాడ నుంచి నరసాపురం దాకా స్కూల్ గేమ్స్ చూసినవాళ్లకు ఈ దృశ్యం కొత్తేం కాదు. ఒకచోట అది ఫుట్‌బాల్ పెనాల్టీ అవుతుంది, ఇంకోచోట కబడ్డీ బోనస్ గీత అవుతుంది. ఆట మారినా తగువు తీరు మాత్రం అదే.

‘కళ్లు కనపడట్లేదా మాస్టారూ’ అన్నది గ్రౌండులో రిఫరీకి పడే మొదటి మాట. చూపు సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆయన్ని అక్కడ నిలబెట్టిన పద్ధతి చూడాలి. ఊళ్లో పొలం గట్టు దగ్గర గొడవొస్తే, ఆ గట్టుకు ఇవతలి రైతునే పెద్దమనిషిగా కూర్చోబెట్టి ‘నువ్వే తీర్పు చెప్పు’ అని ఎవరూ అనరు. పిల్లల ఆటల్లో ఏళ్ల తరబడి చేస్తున్నది సరిగ్గా అదే.

ఆరింటికి సున్నం, మూడింటికి సెలక్షన్

స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా 1954 నుంచి ఉంది. అండర్-14, అండర్-17, అండర్-19 అని మూడు వయసులు. మండలంలో మొదలై జిల్లా, రాష్ట్రం, జాతీయం దాకా మెట్లు. పాత మాస్టార్ల నోట ఇప్పటికీ ‘గ్రిగ్గు పోటీలు’ అనే మాట దొర్లుతుంటుంది. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల నుంచి వచ్చిన గ్రిగ్ మెమోరియల్ ఆటల పేరది. పై మెట్ల మీద అసోసియేషన్ల రిఫరీలు కనిపిస్తారు. కింది మెట్టు మీద మాత్రం అంతా పీఈటీలే, అంటే స్కూలు వ్యాయామ మాస్టార్లే. స్కూల్ అసిస్టెంట్, ఫిజికల్ ఎడ్యుకేషన్ అని హోదా మారినా పిల్లలకు ఆయన పీఈటీ మాస్టారే.

పోటీ రోజున ఆ మాస్టారి పని పొద్దున ఆరింటికే మొదలవుతుంది. సున్నం బస్తా విప్పించి, తాడు పట్టించి గీతలు గీయించాలి. గోల్‌పోస్టులకు నెట్లున్నాయో లేదో చూసుకోవాలి. నెట్ లేకపోతే బంతి లోపలికెళ్లిందా, కమ్మీ పక్క నుంచి పోయిందా అన్నదే ఆ రోజుకు పెద్ద పంచాయితీ. స్టడీ సర్టిఫికెట్లు, ఆధార్ జిరాక్సులు, హెచ్ఎం సంతకాలు సరిచూడాలి. మంచినీళ్ల క్యాన్లు రావాలి, మధ్యాహ్నం భోజనాలు రావాలి. ఎవడికో మోకాలు చెక్కుకుపోతే దూది, డెటాల్ తనే వెతకాలి. ఈ హడావుడి మధ్యలో ‘మాస్టారూ, తర్వాత మ్యాచ్ మీరు ఊదండి’ అని ఎవరో ఒక విజిల్ చేతిలో పెడతారు. మూడింటికి అదే మాస్టారు చెట్టు కింద కుర్చీలో కూర్చుని, పై పోటీలకు వెళ్లే జట్టుకు పేర్లు రాసే కమిటీలో ఒకరవుతారు.

నేర్పేది, ఆడించేది, తీర్పు చెప్పేది, చివరికి ఎంపిక చేసేది ఒక్క మనిషి. ఇందులో ఆయన పేరాశ ఏమీ లేదు. ఆ పని చేయడానికి ఇంకో మనిషి లేక ఆయన చేస్తున్నారు.

ఇబ్బంది మాస్టార్లకీ తెలుసు. అందుకే వాళ్లలో వాళ్లకో సర్దుబాటు ఉంటుంది: మీ మ్యాచ్ నేను ఊదుతాను, మా మ్యాచ్ మీరు ఊదండి. పైకి చూస్తే న్యాయంగానే ఉంది. కానీ పొద్దున పది గంటల మ్యాచ్‌లో నేను మీకు వ్యతిరేకంగా పెనాల్టీ ఇచ్చి, పదకొండింటికి నా పిల్లల మ్యాచ్ మీ చేతిలో పెడితే ఏమవుతుంది? బహుశా ఏమీ కాదు. అయితే చూసేవాళ్ల మనసులో అనుమానం పడిపోతుంది. పదకొండింటి మ్యాచ్‌లో ప్రతి ఈలా అప్పు తీర్చుకుంటున్నట్టే వినిపిస్తుంది. దీనికి పూర్తిగా తిరగేసిన రకం కూడా ఒకటుంది. పక్షపాతం అన్న మాట పడకూడదని సొంత జట్టు మీదే కరకుగా ఊదే మాస్టార్లు. ఎదుటివాడు చేస్తే చూసీ చూడనట్టు పోయే తప్పుకు తన పిల్లాడికి పసుపు కార్డు చూపిస్తారు. వీళ్లను అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం అదీ అన్యాయమే అనిపిస్తుంది. మాస్టారి పరువు కోసం పదమూడేళ్ల పిల్లాడు ఎందుకు కార్డు తినాలి?

ఆట కింద సర్టిఫికెట్

ఇంత చిన్న పోటీకి ఇంత కోపాలెందుకు అంటే, ఆ పోటీ చివర ఒక కాగితం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడా కోటా 2 శాతం ఉండేది. 2024లో వచ్చిన కొత్త క్రీడా విధానంతో అది 3 శాతమైంది. 16,347 టీచరు పోస్టుల మెగా డీఎస్సీలో 421 ఈ కోటా కింద ప్రకటించారు. కోటా వరుసలో అంతర్జాతీయ పతకం పైన ఉంటుంది, స్కూల్ నేషనల్స్ ఎక్కడో కింద ఉంటుంది. కానీ గోదావరి తూర్పు డెల్టాలో కౌలు చేసుకునే తండ్రికి కింది మెట్టయినా అందేది అదొక్కటే. మండల పోటీలో ఓడితే ఆ దారి ఆ ఏడాదికి మూసుకుపోయినట్టే. టీమ్ గేమ్‌లో అయితే మరీను. పరుగు పందెంలో గడియారం చెబుతుంది, లాంగ్‌జంప్‌లో టేపు చెబుతుంది. ఫుట్‌బాల్లో చెప్పేది మనిషి. ఆ మనిషి మాట మీద పద్నాలుగు పదిహేనేళ్ల తర్వాతి ఉద్యోగం ఆధారపడి ఉందని అమ్మానాన్నలు నమ్మినప్పుడు గట్టు మీద ఆట చూసే తీరే మారిపోతుంది.

సర్టిఫికెట్ ఉన్నచోట వయసు గొడవా ఉంటుంది. “ఏమండీ, వీడికి మీసాలొచ్చాయి, అండర్-14 అంటారేంటండీ?” అని అడిగేదీ రిఫరీనే. నిజానికి అది ఆయన పని కాదు, పోటీ నిర్వాహకులది. ఆయన దగ్గర ఉన్నది కాగితం ఒక్కటే, కాగితం ప్రకారం కుర్రాడు పద్నాలుగు లోపే. జాతీయ స్థాయిలో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కుర్రాళ్ల ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే తీయించి, టీడబ్ల్యూ3 అనే పద్ధతిలో ఎముక వయసు లెక్కగడుతుంది. మండలంలో ఎక్స్‌రే ఎక్కడిది? అక్కడ ఎదుటి జట్టు పిల్లలు మీసాలు చూసి ముందే ఓడిపోతారు. ఆ తర్వాత వచ్చే ప్రతి ఢీ వాళ్లకు ఫౌల్‌లాగే కనిపిస్తుంది. రిఫరీ ఊదకపోతే, ఆయన కూడా వాళ్లతో కలిసిపోయాడని తేల్చేస్తారు.

ఏ సంవత్సరం రూలండీ?

ఫుట్‌బాల్ రూల్స్ 17. వాటిని మార్చేది ఐఎఫ్ఏబీ అనే సంస్థ. ఏటా ఏదో ఒకటి సవరిస్తూనే ఉంటుంది. ఆ పుస్తకం ఇంటర్నెట్‌లో ఉచితమే. అధికారికంగా ఇంగ్లిష్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్ భాషల్లో వేస్తారు. తెలుగు ఆ వరుసలో లేదు. మన పీఈటీలు బీపీఈడీలో చదువుకున్న రూల్స్ వాళ్లు చదివిన ఏడాదివి. తొంభైల్లో చదివినవారికి తొంభైల నాటి ఆటే తెలుసు.

దీని ఫలితం గ్రౌండులో చూడాలి. ఆట మధ్యలో ఎవరికో దెబ్బ తగిలి రిఫరీ ఆపారనుకోండి. తిరిగి మొదలుపెట్టడానికి డ్రాప్ బాల్ వేస్తారు. పాత పద్ధతిలో ఇరు జట్ల నుంచి ఒక్కో కుర్రాడు ఎదురెదురుగా నిలబడేవాడు, రిఫరీ మధ్యలో బంతి వదిలేవారు, ఇద్దరూ ఒకేసారి కాలు విసిరేవారు. సగం మోకాళ్లు అక్కడే పగిలేవి. 2019లో ఆ పోటీ తీసేశారు. బంతిని ఏదో ఒక జట్టు ఆటగాడికే వదలాలి, మిగతా అందరూ నాలుగు మీటర్ల దూరంలో ఉండాలి. అయినా ఇద్దరు కుర్రాళ్లను కోడిపుంజుల్లా ఎదురుబొదురు నిలబెట్టే రిఫరీలు ఇంకా ఉన్నారు. అదే ఏడాది గోల్ కిక్ కూడా మారింది. బంతి పెనాల్టీ ఏరియా దాటాకే ఆడాలన్న నియమం పోయింది. కొట్టి కదిలితే చాలు, సొంత జట్టు వాడు లోపలే అందుకోవచ్చు. టీవీలో ప్రీమియర్ లీగ్ చూసే పిల్లలకు ఇది బాగా తెలుసు. వాళ్లు లోపలే బంతి అందుకుంటారు, రిఫరీ ఆపి మళ్లీ కొట్టమంటారు. పిల్లలు ‘రూలు మారిందండీ’ అంటారు. ‘నాకు చెప్తావా?’ అంటారు మాస్టారు. పిల్లాడి మాటే నిజం, పసుపు కార్డు కూడా పిల్లాడికే.

2025-26 నుంచి ఇంకోటి వచ్చింది. గోల్‌కీపర్ బంతిని చేతుల్లో ఎనిమిది సెకన్ల కంటే ఎక్కువ అట్టేపెట్టుకుంటే ఎదుటి జట్టుకు కార్నర్. అంతకుముందు ఆరు సెకన్లు, ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్ అని ఉండేది, ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. ఇప్పుడు చివరి అయిదు సెకన్లు రిఫరీ చెయ్యెత్తి అందరికీ కనపడేలా లెక్కపెట్టాలి. ఈ కబురు జిల్లా కేంద్రం దాటి మండలానికి చేరేటప్పటికి ఐఎఫ్ఏబీ మళ్లీ ఇంకేదైనా మార్చేస్తుందేమో!

ఆఫ్‌సైడ్ సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. పెద్ద మ్యాచ్‌లో మధ్యలో ఒక రిఫరీ, అటూ ఇటూ జెండాలతో ఇద్దరు అసిస్టెంట్లు ఉంటారు. ఆఫ్‌సైడ్ చెప్పాలంటే ఆఖరి నుంచి రెండో డిఫెండర్‌తో సమానంగా గీత వెంట పరుగెత్తాలి. మండల మ్యాచ్‌లో ఉండేది ఒక్కరే. జెండా పట్టుకునేది ఓడిపోయి ఖాళీగా ఉన్న జట్టు కుర్రాడు, లేకపోతే ఆడుతున్న జట్టులోనే సబ్‌స్టిట్యూట్. చేతిలో జెండా ఉండకపోతే చేతిరుమాలు. ముందువరుస కుర్రాడు గోల్ వైపు దూసుకుపోతుంటే, అరవై మీటర్ల వెనక నుంచి మాస్టారు అంచనా మీద ఊదాలి. 1990 నుంచి డిఫెండర్‌తో సమానంగా ఉన్నవాడు ఆఫ్‌సైడ్ కాదు. సమానంగా ఉన్నాడా, అడుగు ముందున్నాడా అన్నది అరవై మీటర్ల దూరం నుంచి ఏ కళ్లకూ కనపడదు.

పరుగు మాట వచ్చింది కాబట్టి ఒక లెక్క. ఫిఫా స్థాయి మగ రిఫరీకి పెట్టే పరీక్షలో 75 మీటర్లు 15 సెకన్లలో పరుగెత్తాలి, 25 మీటర్లు 18 సెకన్లలో నడవాలి. మళ్లీ పరుగు, మళ్లీ నడక. అలా 40 సార్లు. 2022 జనవరి నుంచి మన రాష్ట్రంలో టీచర్ల రిటైర్మెంట్ వయసు 62. యాభై ఎనిమిదేళ్ల మాస్టారు, ప్యాంటు పైకి మడిచి, పదమూడేళ్ల పిల్లల వెంట రోజుకు మూడు మ్యాచ్‌లు పరుగెత్తాలని అడుగుతున్నాం. ఆయన సెంటర్ సర్కిల్ దాటి రారని మనకు కోపం.

మూడు సెంట్లా, ఎకరన్నరా?

గోదావరి డెల్టాలో ఫుట్‌బాల్ ఎందుకు తక్కువంటే జవాబు భూమిలో ఉంది. 100 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పు గ్రౌండు కావాలంటే ఎకరన్నర. వరి కాకపోతే చేపల చెరువు, అదీ కాకపోతే కొబ్బరి. మధ్యలో ఎకరన్నర ఖాళీగా ఉంచే ఊరు చూపించండి. కబడ్డీ కోర్టు 13 మీటర్లు, 10 మీటర్లు. మూడు సెంట్ల పైచిలుకు. స్కూలు ఆవరణలో, గుడి వెనక, కోత కోసిన చేలో ఎక్కడైనా పడుతుంది. రాష్ట్రంలో ఫుట్‌బాల్ అంటే అనంతపురం గుర్తొస్తుంది, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్‌డీటీ) వాళ్లు అక్కడ కట్టిన స్పోర్ట్స్ విలేజ్ గుర్తొస్తుంది. 2023 డిసెంబర్ 26న మొదలైన రాష్ట్ర ప్రభుత్వ పోటీలు ‘ఆడుదాం ఆంధ్రా’లో క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్ ఉన్నాయి, ఫుట్‌బాల్ లేదు. ఆట తక్కువైనచోట ఆటగాళ్లు తక్కువ, రిఫరీలు ఇంకా తక్కువ. ఏడాదికి నాలుగు మ్యాచ్‌లు ఊదే మనిషికి చెయ్యి ఎలా తిరుగుతుంది?

కబడ్డీలో మనుషులకు కొరత లేదు. రూల్ ప్రకారం ఒక రిఫరీ, ఇద్దరు అంపైర్లు, ఒక స్కోరర్, ఇద్దరు అసిస్టెంట్ స్కోరర్లు, మొత్తం ఆరుగురు. అయినా గొడవలు తగ్గవు. 2023 అక్టోబర్ 7న హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పురుషుల ఫైనల్ భారత్, ఇరాన్ మధ్య జరిగింది. స్కోరు 28-28. నిమిషం పైచిలుకు ఆట మిగిలి ఉంది. పవన్ సెహ్రావత్ రెయిడ్‌కు వెళ్లి ఎవరినీ తాకకుండానే లాబీలోకి అడుగుపెట్టాడు, అతన్ని ఆపబోయి ఇరాన్ డిఫెండర్లూ లాబీలోకి వెళ్లారు. ఎవరు అవుట్, ఎవరికెన్ని పాయింట్లు? పాత రూలా, కొత్త రూలా? పాయింట్లు ఇచ్చారు, వెనక్కి తీసుకున్నారు, మళ్లీ ఇచ్చారు. ఇరు జట్లూ కోర్టు మీదే కూర్చున్నాయి. దాదాపు గంట ఆట ఆగిపోయింది. చివరకు భారత్ 33-29తో గెలిచింది. కెమెరాలు, రీప్లేలు, ఆసియాలో పేరున్న అధికారులు అందరూ ఉన్నచోటే అది. లాబీ అంటే గీతలకు అవతల మీటరు వెడల్పు పట్టీ. సంక్రాంతికి ఫ్లడ్‌లైట్ల కింద ఆడే మన ఊరి కోర్టులో ఆ పట్టీని ఇరవై మంది జనం తొక్కేసి నిలబడి ఉంటారు.

తెలుగునేల నుంచి ఒక ఫిఫా రిఫరీ

మనకు రిఫరీల చరిత్ర లేదనుకోకండి. సయ్యద్ షాహిద్ హకీం హైదరాబాదీ. 1960 రోమ్ ఒలింపిక్స్ భారత జట్టులో సభ్యుడు. వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్. తర్వాత ఫిఫా రిఫరీ అయ్యారు, 1988లో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో మ్యాచ్‌లు ఊదారు. కోచ్‌గా కూడా పని చేశారు. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు, 2021 ఆగస్టులో కన్నుమూశారు. ఆటగాడు, కోచ్, రిఫరీ, మూడూ ఒక్కరే. కానీ ఒకే మ్యాచ్‌లో కాదు.

ఆయన తండ్రి సయ్యద్ అబ్దుల్ రహీం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి తీసుకెళ్లిన కోచ్. 2024లో ‘మైదాన్’ సినిమా వచ్చాక ఆ పేరు మళ్లీ వినపడింది. రహీం వృత్తిరీత్యా స్కూలు టీచరు. హైదరాబాద్‌లో పిల్లల కోసం డ్రిబ్లింగ్ నిషిద్ధమైన టోర్నమెంట్లు, బలహీనమైన కాలితోనే ఆడాల్సిన టోర్నమెంట్లు పెట్టించేవారని చెబుతారు. పెద్దల రూలు పిల్లలకు యథాతథంగా అక్కర్లేదని ఆ మాస్టారికి డెబ్బై ఏళ్ల క్రితమే తెలుసు. ఐఎఫ్ఏబీ కూడా ఇప్పుడదే అంటోంది. పిల్లల ఫుట్‌బాల్లో గ్రౌండు కొలత, బంతి సైజు, ఆట సమయం, బయటికెళ్లిన ఆటగాణ్ని మళ్లీ దింపడం, కార్డు బదులు కొన్ని నిమిషాలు పక్కన కూర్చోబెట్టడం, ఇవన్నీ ఆయా సమాఖ్యలు మార్చుకోవచ్చు. మన స్కూల్ గేమ్స్‌లో పక్కన కూర్చోబెట్టడం ఒక్కటి పెట్టినా చాలా గొడవలు అక్కడికక్కడే చల్లారతాయి. పిల్లాడికి రెడ్ కార్డు చూపించి ఇంటికి పంపడానికీ, పది నిమిషాలు చెట్టు కింద కూర్చోమనడానికీ చాలా తేడా ఉంది.

గట్టు మీది గొంతులు

డ్రిల్లు మాస్టారంటే పిల్లలు హడలిపోయే రోజులు పోయాయి, పోవడమే మంచిది. కానీ ఇప్పుడు తల్లిదండ్రులు ఫోన్ ఎత్తి వీడియో తీస్తూ రిఫరీ మీదికి నడిచి వస్తున్నారు. “మా వాడి భవిష్యత్తు అండీ” అంటారు. అబద్ధం అని ఎలా అనగలం?

అవతలి దేశాల్లో ఈ కథ చాలా దూరం వెళ్లింది. 2012 డిసెంబర్‌లో నెదర్లాండ్స్‌లోని ఆల్మేరేలో పిల్లల మ్యాచ్‌కు లైన్స్‌మన్‌గా నిలబడిన ఒక తండ్రిని ఎదుటి జట్టు కుర్రాళ్లు కొట్టారు. మర్నాడు ఆయన చనిపోయారు. ఆ తర్వాతి వారాంతం దేశమంతా అమెచ్యూర్ మ్యాచ్‌లు ఆపేశారు. 2013లో అమెరికాలోని యూటాలో పసుపు కార్డు చూపించినందుకు పదిహేడేళ్ల కుర్రాడు కొట్టిన గుద్దుకు ఒక రిఫరీ వారం తర్వాత మరణించారు. అమెరికాలో 2018-19 నుంచి మూడేళ్లలో సుమారు 50,000 మంది హైస్కూల్ క్రీడల అధికారులు ఆ పని మానేశారని అక్కడి స్కూల్ క్రీడల సమాఖ్య చెప్పింది. తిట్లు పడలేకపోవడం అందులో పెద్ద కారణం. ఇంగ్లండ్‌లో 2023 ఫిబ్రవరి నుంచి కింది స్థాయి రిఫరీల ఛాతీకి కెమెరా కట్టి చూశారు. కెప్టెన్ ఒక్కడే రిఫరీతో మాట్లాడాలి, మిగతా పదిమందీ దూరంగా ఉండాలి అన్న పద్ధతిని ఐఎఫ్ఏబీయే రూల్స్ పుస్తకంలో చేర్చింది. ఇది మనకు రేపటి నుంచే పనికొస్తుంది, పైసా ఖర్చు లేదు.

నాకు వీటన్నిటిలో ఇష్టమైనది జర్మనీ వాళ్లది. అక్కడ చిన్న పిల్లల ‘ఫెయిర్‌ప్లే’ లీగ్‌లో రిఫరీయే ఉండడు. తల్లిదండ్రులు గీతకు దూరంగా నిలబడాలి. ఇద్దరు కోచ్‌లూ ఒకేచోట పక్కపక్కన నిలబడాలి. ఫౌలో కాదో పిల్లలే తేల్చుకుంటారు. మరీ తెగకపోతే కోచ్‌లు ఇద్దరూ కలిసి చెబుతారు. మనకిది వింతేమీ కాదు. బిళ్లంగోడు ఆడినప్పుడు, వీధిలో చెడుగుడు ఆడినప్పుడు అంపైర్ ఎవరు? కూత ఆగిందా లేదా అన్నది అరుచుకుని, అలిగి, ఆఖరికి ఒప్పుకుని మళ్లీ ఆడేవాళ్లం. ఒక్క తేడా ఉంది: ఆ ఆట చివర సర్టిఫికెట్ ఉండేది కాదు. అందుకే అండర్-14 మండల పోటీకి ఈ పద్ధతి పెట్టమని నేను అనను. కోచ్‌లిద్దరినీ ఒకేచోట, తల్లిదండ్రుల్ని గీతకు దూరంగా నిలబెట్టడం మాత్రం ఏ పోటీకైనా పెట్టవచ్చు.

ఏరు దాటితే చాలు

అమెరికాలో పదమూడేళ్లు నిండిన పిల్లలు కోర్సు చేసి, తమకంటే చిన్న పిల్లల మ్యాచ్‌లకు రిఫరీలవుతారు, డబ్బు కూడా తీసుకుంటారు. డాలస్ శివార్లలో స్థిరపడిన మనవాళ్ల ఇళ్లల్లో ఇది మామూలు మాటే. ఇక్కడ తొమ్మిదో తరగతి అమ్మాయికి విజిల్ ఇచ్చి, ఆరో తరగతి పిల్లల మ్యాచ్ ఊదమంటే ఏమవుతుంది? రూల్స్ మాస్టారి కంటే ఆమెకే కొత్తగా తెలిసి ఉండొచ్చు. ఆడపిల్లల మ్యాచ్‌లకు ఆడ రిఫరీలు దొరకడం లేదన్న ఇబ్బందికి కూడా ఇక్కడే మొదలు దొరుకుతుంది. ఆట మానేసిన ఇంటర్, డిగ్రీ కుర్రాళ్లు ఊరూరా ఉన్నారు. రెండు రోజుల శిక్షణ, మ్యాచ్‌కు ఇంత అని భత్యం, బస్సు ఛార్జీ. రాష్ట్ర స్థాయి పోటీలో ఒక పూట భోజనాల ఖర్చు దీనికి సరిపోవచ్చు.

అంతవరకూ ఆగలేమంటే ఇంకా సులువైన పని ఒకటుంది. తూర్పు గోదావరి మ్యాచ్‌లకు పశ్చిమ గోదావరి మాస్టార్లు, పశ్చిమ మ్యాచ్‌లకు తూర్పు మాస్టార్లు. గెలిచినా ఓడినా ఆ మాస్టారికి పోయేది లేదు, వచ్చేది లేదు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే నరసాపురం. రాజమండ్రిలో రోడ్డు కమ్ రైలు వంతెన ఎక్కితే కొవ్వూరు. చించినాడ వంతెన మీదుగా అయితే బస్సుకి బస్సే.

అయితే 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. కొవ్వూరు, నిడదవోలు ఇప్పుడు తూర్పు గోదావరిలో ఉన్నాయి. సఖినేటిపల్లి కోనసీమది, నరసాపురం పశ్చిమది, ఏలూరు వేరే జిల్లా, కాకినాడ వేరే. క్రీడా జట్ల ఎంపికలో మాత్రం ‘ఉమ్మడి జిల్లా’ మాట ఇంకా నడుస్తోంది. ఒక పీఈటీ ఏరు దాటి వెళ్లి ఒక పూట మ్యాచ్‌లు ఊది రావాలంటే ఆయన స్కూలు నుంచి ఓడీ (ఆన్ డ్యూటీ అనుమతి) కావాలి. ఆ ఓడీ మీద తమ జిల్లా డీఈవో సంతకం పెట్టాలి, అవతలి జిల్లా వాళ్లు రమ్మని రాయాలి. టీఏ ఏ జిల్లా ఖాతాలో వేయాలో తేలాలి. ఎక్కడా జీవో మార్చక్కర్లేదు, కొత్త పోస్టు సృష్టించక్కర్లేదు. రెండు ఆఫీసులు మాట్లాడుకుంటే చాలు. స్కూల్ గేమ్స్ షెడ్యూల్ ఎటూ ముందే వస్తుంది కాబట్టి, దానితో పాటే ఆ ఒక్క కాగితం కూడా తయారుచేయడానికి వ్యవధి ఉంటుంది.